నీళ్లు పరుచుకున్న లోహం

తొట్టి మూత తీయగానే గోరువెచ్చని ఉప్పు ఆవిరి ముఖానికి తగులుతుంది. ఇన్నేళ్లయినా ఆ క్షణంలో నా వీపు దానంతటదే నిటారవుతుంది, ఎస్తేరు మేడం వెనక నిలబడి చూస్తున్నట్టు. చందనవెల్లిలోని మా ఫ్యాక్టరీలో, తుంటి విరిగినవాళ్లకు వేసే టైటానియం ముక్కల మీద ఎముకలో ఉండే ఖనిజాన్నే తెల్లటి పొరగా పెంచుతాం. ఉత్త లోహాన్ని ఎముక అంత తొందరగా దగ్గరికి రానివ్వదు. తనలాంటి పొర కనబడితే మాత్రం అల్లుకుంటుంది. ఈ పని నాకు నేర్పింది ఆమే. ముడిమ్యాల మనిషి, మా సెక్షన్‌కు పెద్ద.

నేను హిమాయత్‌నగర్ నుంచి ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పట్టాతో పాటు బోలెడంత పొగరు కూడా మోసుకొచ్చాను. మొదటి రోజు ఆమె ఒక లోహపు ముక్క ఇచ్చి కడగమంది. తళతళలాడించి తెచ్చాను. ఆమె ఆ మెరుపు వైపు చూడనే లేదు. కుళాయి కింద పట్టింది. నీళ్లు చుక్కలు చుక్కలుగా విడిపోయి నిలిచాయి.

“చూసినవా బిడ్డా? ఇంక జిడ్డున్నది. మంచిగ కడిగితే నీళ్లు చాప పరిచినట్టు పరుచుకుంటయి. నీళ్లనే రానియ్యనిది రేపు ఎముకను రానిస్తదా?”

“చేతికి ఏం తగుల్తలేదు మేడం.”

“నీ చేతిని ఎవలడిగిండ్రు? నీళ్లనడుగు.”

ఆ సాయంత్రం నేనింకా కడుగుతుండగానే కంపెనీ బస్సు వెళ్లిపోయింది. షేర్ ఆటోలో ఇరుక్కుని, ఆమెను తిట్టుకుంటూ ఇల్లు చేరాను. మర్నాడు నీళ్లు ఒకే పొరగా పరుచుకున్నప్పుడు మాత్రం చిన్నపిల్లలా కేక వేశాను. ఆమె నవ్వి, తన డబ్బాలోని సర్వపిండి సగం తుంచి నా చేతిలో పెట్టింది.

ఆ తర్వాతి పనంతా ఓపికదే. కడిగిన ముక్కను కాస్టిక్ సోడాలో నానబెట్టి, కాల్చి, మన నెత్తుటిలో ఉండే ఉప్పులే కలిపిన నీళ్లలో ఒంటి వేడి మించకుండా ఉంచి వదిలేయాలి. పొర లోహాన్ని పట్టుకుని రోజుల తరబడి మెల్లగా పెరుగుతుంది. ఒకసారి ఒక పెద్ద ఆసుపత్రి డాక్టర్లు మా పని చూడటానికి వస్తున్నారన్నారు. వాళ్లకు నచ్చకపోతే సెక్షన్ ఎత్తేస్తారు, మా అందరి ఉద్యోగాలూ పోతాయి. పొర పలచగా ఉంది, కంటికి ఆనడం లేదని మేనేజరు బెంగ. మేడం సెలవులో ఉన్న రోజు “ఆలస్యం అమృతం విషం” అంటూ ఒక తొట్టికి వేడి పెంచమన్నాడు. నీళ్లు తెల్లగా విరిగాయి. లోహమంతా సున్నం వేసిన గోడలా అయింది. ఎంత అందంగా ఉందో!

మేడం వచ్చి దాని మీద టేపు అతికించి పీకింది. తెలుపంతా టేపుతో లేచి వచ్చింది.

“జర ఈ ఒక్కరోజు గిదే చూపెడదాం మేడం. వాళ్లేమన్న పీకి చూస్తరా?” అన్నాడు మేనేజరు.

“మీద పడ్డది వేరు సార్, పట్టుకొని పెరిగింది వేరు. ఆత్రగానికి బుద్ధి మట్టు అంటరు. గిది ఎవరి ఒంట్లకు పోతదో మనకు తెల్వది. నౌకరి పోతే పోనియ్యి.”

డాక్టర్ల ముందు ఆమె పలచటి పొర ఉన్న ముక్కనే పెట్టి, టేపు వాళ్ల చేతికే ఇచ్చింది. వాళ్లు అతికించి పీకారు. ఏమీ ఊడి రాలేదు. సెక్షన్ నిలిచింది. మేనేజరు మళ్లీ ఆ ఊసెత్తలేదు, పాపం.

రిటైరయ్యాక ఆమె ఇంట్లో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయ్యాక చూడటానికి ముడిమ్యాల వెళ్లాను. మంచం మీద పడుకుని, కట్టు తడుముకుంటూ అడిగింది.

“లోపల ఏసింది మన దగ్గరిదేనా, స్వరూపా?”

“తెల్వది మేడం. వేరే కంపెనీదేమో.”

“ఏ కంపెనీదైతేంది? ఎవలో ఒగరు నీళ్లు పోసి చూసే ఉంటరు తియ్యి.”

అంతే, కళ్లు మూసుకుని నిద్రపోయింది. నాకు ఏడుపు ఆగలేదు. ఊరూ పేరూ తెలియని ఎవరి చేతినో ఆమె అంత నిశ్చింతగా నమ్మింది. ఆ చేయి ఆమెను మోసం చేయలేదు. చివరి ఆదివారం దాకా ఆ కాలితోనే చర్చికి నడిచింది. ఇప్పుడు ముడిమ్యాల మట్టిలో ఆమెతో పాటు ఆ లోహమూ ఉంది.

ఈ సాయంత్రం ఒక ముక్కను కుళాయి కింద పట్టాను. అంచున ఒక్క చుక్క విడిగా నిలిచింది. బయట బస్సు హారన్ కొడుతోంది. కొట్టనీ. రేపు ఎక్కడో ఎవరో నన్ను నమ్ముకుని నిద్రపోవాలి. మళ్లీ కడుగుతున్నాను.