మా అవ్వ తన ఇంటికే కన్నం వేయబోయిన రోజు

నా చిన్నప్పుడు అల్లూరు పక్కన మా ఊళ్ళో వరికోతలు మొదలయ్యాయంటే, పట్టపగలు కోళ్ళూ కదలలేని ముసలివాళ్ళూ తప్ప ఇళ్ళల్లో ఎవరూ మిగిలేవారు కాదు. దొంగలకు అదే పండగ. ఒక ఏడు కోతల్లో అందరం పొలంలో ఉండగా ఎవడో మా ఇంట్లో దూరి ఇత్తడి బిందెలూ, గంగాళమూ ఎత్తుకుపోయాడు. ఆ గంగాళం పోయిన తర్వాత కూడా పెరుగుతూనే వచ్చింది. మొదట్లో అందులో దూడను నిలబెట్టి కడగొచ్చని అనేది మా అవ్వ. ఏడాది తిరిగేసరికి అందులో జత ఎద్దులు పట్టేవి.

మా నాన్న ఉద్యోగం మీద ఊళ్ళు తిరుగుతూ ఉండడంవల్ల నేను అవ్వా తాతయ్యల దగ్గరే పెరిగాను. దొంగతనం జరిగిన రోజునుంచి మా అవ్వ వాకిలి దాటడం మానేసింది. పేరంటానికి పిలిస్తే రాదు, పెళ్ళికి పిలిస్తే రాదు. పసుపు కుంకుమలు ఇంటికే తెచ్చి ఇవ్వాల్సి వచ్చేది. గుమ్మంలో కూర్చుని వీధిలో పోయే ప్రతి మనిషినీ గంగాళం దాచినవాడిలా చూసేది.

మళ్ళీ కోతలు వచ్చాయి. సరిగ్గా అప్పుడే సూళ్లూరుపేటనుంచి కబురు. మా మేనత్తకు రెండో కాన్పు అయింది, ఆడపిల్ల. అత్తగారు లేని ఇల్లు, పత్యం వండిపెట్టే దిక్కు లేదు, అమ్మను పంపమని. అవ్వ కళ్ళు తుడుచుకుంది, చీరలు మూట కట్టుకుంది, మళ్ళీ విప్పేసింది. తాతయ్య పొద్దుననగా పొలానికి పోతే ఇంటికి దిక్కెవరు?

తాతయ్య మరునాడే నెల్లూరు పోయి తాళం తెచ్చాడు. అది తాళమంటే తాళమా! పనసకాయంత ఉంది. దాన్ని తగిలిస్తే తలుపు ఓ పక్కకు ఒరుగుతుందేమోనని నాకు భయం వేసింది. తాళంచెవి తిప్పితే గానుగ తిరిగినట్టు చప్పుడు. ఊరు ఊరంతా వచ్చి చూసింది. అందరూ చూశాక పక్కింటి అక్క వచ్చింది. నవ్వితే నాలుగిళ్ళకు వినిపించే మనిషి.

"తాళం బాగుంది పెదనాయనా," అంది, "ఇల్లే బాలేదు."

తాతయ్యకు రోషం వచ్చింది. తాళం సత్తా చూపిస్తానని ముందు తలుపుకు దాన్ని బిగించి, అవ్వనూ నన్నూ వెంటబెట్టుకుని పొలానికి బయలుదేరాడు. అవ్వ ప్రతి అడుగుకూ వెనక్కి తిరిగి చూస్తుంటే, ఆవిడ ముందుకు నడుస్తోందో వెనక్కి నడుస్తోందో నాకు తెలియలేదు. పొలంలో అన్నం తిని, ఎండ వాలకముందే తిరిగొచ్చాం.

తాళం ఉన్నది ఉన్నట్టే వేలాడుతోంది. కానీ మా ఇంటి పెంకుల సందుల్లోంచి పొగ వస్తోంది. పొగతోపాటు బొమ్మిడాయిల పులుసు వాసన.

అవ్వ వీధిలోనే చతికిలబడింది. గంగాళం తీసుకుపోయినవాడు ఈసారి వంటకు కూడా దిగాడనుకుంది. తాతయ్య చెవి పెట్టి తిప్పాడు. తాళం రాలేదు. రెండు చేతులతో తిప్పాడు, పళ్ళు కొరికాడు, దేవుణ్ణి తలుచుకున్నాడు. ఆ తాళం ఆపగలిగింది లోకంలో ఒక్క మా తాతయ్యనే.

లోపల్నించి పక్కింటి అక్క గొంతు: "ఆడ ఎందుకు తిప్పలు పడతావు పెదనాయనా, చుట్టు తిరిగి పెరట్లోంచి రా. తలుపు తీసే ఉండాది."

పెరటి తలుపు చెక్కలు ఎండకు ఎడం పడి, సందులో వేలు పట్టేటంత అయ్యాయి. అక్క ఆ సందులో కొడవలి దూర్చి లోపలి అడ్డగడియను పైకి లేపేసింది. ఈ విద్య ఎక్కడిదని తాతయ్య అడిగితే, పుట్టింట్లో వాళ్ళమ్మ బెల్లం జాడీ లోపలపెట్టి పిల్లల్ని బయటపెట్టి పోయేదనీ, ఆకలి నేర్పిందనీ చెప్పింది.

తాతయ్య వడ్రంగిని పిలిపించి సందులన్నీ చెక్కముక్కలతో మూయించాడు. గడియ లేవకుండా పైన మేకు దిగ్గొట్టించాడు. ముందు తాళానికి నూనె పోయించాడు. మళ్ళీ పొలానికి పోయొచ్చేసరికి అక్క మా అరుగుమీద కూర్చుని ఉంది. తాళం ఆమె ఒళ్ళో చంటిబిడ్డలా పడుకుని ఉంది. చెవిని తాతయ్య చూరులో దాచి పోయాడు, మా ఊరివాళ్ళందరిలాగే.

"నువ్వు కాబట్టి కనుక్కున్నావు. దొంగకెట్ట తెలస్తాది?" అన్నాడు తాతయ్య.

"దొంగకు మాత్రం ఇల్లు లేదా పెదనాయనా? వాడి పెళ్ళాం కూడా చెవి చూర్లోనే పెడతాది."

తాతయ్య చెవి తీసుకుని మొలతాడుకు కట్టుకున్నాడు. కానీ అవ్వ అప్పటికే, మళ్ళీ కట్టుకున్న మూటను విప్పేస్తోంది. ఇన్ని దారులున్న ఇంటిని వదిలి ఎట్లా పోతానంది. అక్క నవ్వు మానేసి ఆవిడ ముందు కూర్చుంది.

"వాడు ఎత్తుకపోయింది గంగాళమే గదా పెద్దమ్మా. నీ కాళ్ళు కూడా ఎత్తుకపోయినాడా? ఆడ నీ కూతురు ఎండు రొట్టె తింటా ఉంటాది. ఇదిగో కొడవలి. నువ్వే దొంగవనుకో. లోపలికి దూరగలిగితే పోవద్దులే."

అందరం బయటికొచ్చాక తాతయ్య తాళం బిగించాడు, అవ్వ కొంగు బిగించింది. గంగాళం పోయిన కసి అంతా ఆ రోజు మా ఇంటిమీదే తీర్చుకుంది. పెరటి తలుపు సందుల్లో కొడవలి ఆడించింది, దూరలేదు. తలుపును భుజంతో గుద్దింది. కిటికీ చువ్వలు పట్టుకుని ఊగింది. చూరంతా తడిమితే ఓ పాత దువ్వెన, పిచ్చుక ఈకలు దొరికాయి. గోడ మొదట్లో గుంట కూడా మొదలుపెట్టింది. "ఆ చప్పుడుకు నేను రానా పెద్దమ్మా? ఈ కోతలకు ఇంటికాడే ఉంటా గదా," అంది అక్క. వీధిలోవాళ్ళు చుట్టూ చేరి, ఆ పక్క చూడు, ఈ పక్క చూడు అని సలహాలు చెప్పారు. ఓ పెద్దమనిషి పెంకులెక్కమన్నాడు. అవ్వ నిజంగానే నిచ్చెన అడిగింది.

చివరికి చెమటలు కారుతూ గడపమీద కూలబడింది. ఓడిపోయిన దొంగ అంత సంతోషంగా నవ్వడం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

"నా ఇంట్లోకి నేనే పోలేకున్నానే," అంది. "ఇంక పోతాలే సూళ్లూరుపేటకు."

పోయింది. రెండు నెలలుండి, మనవరాలిని బొద్దుగా చేసి మరీ వచ్చింది.

ఇప్పటికీ ఏ కొత్త ఇంట్లో చేరినా, తాళం కొనడానికి ముందు నేను బయట నిలబడి ఆ ఇంటికి దొంగనవుతాను. కిటికీలు లాగుతాను, పెరటి గోడ ఎక్కుతాను. ఓసారి పక్కింటివాళ్ళు కర్రలతో వచ్చారు కూడా. అట్లాంటి పక్కింటివాళ్ళు ఉన్నారని తెలిశాక సగం భయం అక్కడే తీరింది. తాళాల కొట్టువాడు ఇది ఎంత గట్టిదో చెబుతుంటే వింటాను గానీ, మనసులో అడిగేది ఒక్కటే: దీన్ని వేసి, నన్ను రమ్మన్నవాళ్ళ దగ్గరికి నేను హాయిగా పోగలనా?