మామ అడిగిన మిలిటరీ ప్రశ్న

ఆ రోజుల్లో మాకు వార్తలంటే మా మామే. ఇప్పుడంటే అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి గానీ, తొంభైల మొదట్లో మస్కట్ పక్కన అల్ మవాలేలో బిల్డింగులు కట్టే మా క్యాంపుకు ప్రపంచం వారానికొక్కసారే వచ్చేది. శుక్రవారం సెలవునాడు, నీళ్ల ట్యాంకు నీడలో, మా మామ నోటి నుంచి. ఆయన మా అమ్మకు తమ్ముడు, కంపెనీలో టైమ్ కీపరు, నన్ను వీసా మీద అక్కడికి రప్పించినవాడు కూడా ఆయనే. సైట్ ఆఫీసులో ఇంజనీర్లు చదివి పడేసిన ఇంగ్లీషు పేపర్లు పోగేసుకొచ్చి, అర్థమైనంత చెప్పి, కానిది కల్పించేవాడు (నిజం చెప్పొద్దూ, కల్పించిందే బాగుండేది). జగిత్యాల మేస్త్రీలు, నిజామాబాద్ షట్టరింగ్ వాళ్లు, హైదరాబాద్ నుంచి వచ్చిన మా పికప్ డ్రైవర్ భాయ్, అందరం చాయ్ గ్లాసులు పట్టుకుని చుట్టూ చేరేవాళ్లం. మామ చెప్పిందంటే ఎవరూ కాదనేవారు కాదు.

ఆ ఏడు అమెరికాలో ఎన్నికలొచ్చాయి. "నిలవడ్డాయన వయసుల ఉన్నప్పుడు మిలిటరీకి పోయిండా, తప్పిచ్చుకున్నడా అని పేపరోళ్లు రోజూ పట్టుకొని అడుగుతున్నరు. ఇంకొకాయన్నేమో గట్టిగ అడుగుతలేరు. జవాబు చెప్పబుద్ధి గాకుంటే అక్కడ 'నో కామెంట్' అంటరు" అని మామ చెప్పాడు. మా వాళ్లకు ఆ మాట ఎంత నచ్చిందంటే వారం రోజులపాటు క్యాంపంతా నో కామెంటే. పప్పులో ఉప్పెందుకు లేదంటే వంటాయన కూడా నో కామెంట్ అన్నాడు.

సరిగ్గా అప్పుడే మా మెస్‌కు కొత్త లీడర్ని ఎన్నుకోవాల్సి వచ్చింది. ఏ రోజు ఏం వండాలో చెప్పేది, సామాన్లకు పోయేటప్పుడు పికప్ ముందు సీట్లో కూర్చునేది లీడరే. ఒక వైపు ఇనుప చువ్వలు కట్టే ఫోర్‌మన్ మీసాలన్న నిలబడ్డాడు, ఇంకో వైపు నేను. నాకు ముందు సీటు మీద కూడా ఆశ ఉండేది గానీ, అసలు బాధ వేరు. క్యాంపులో నన్ను 'పారిపోయిన మిలిటరీ' అని పిలిచేవారు. ఒక్కసారి గెలిస్తే ఆ పేరు చెరిగిపోతుందని నా వెర్రి నమ్మకం.

ఆ పేరు వెనక కథ ఇది. ఇంట్లో చెప్పకుండా సెలక్షన్‌కు పోయి మిలిటరీలో చేరాను. ట్రైనింగ్‌లో ఉండగానే ఒకరోజు, ఒమాన్ నుంచి సెలవు మీద వచ్చిన మామ తుండుగుడ్డతో కళ్లు తుడుచుకుంటూ వచ్చి, "మా అక్కకు సీరియస్ ఉంది సాబ్, కొడుకు మొకం జూస్తే గని పానం పోదట" అని ఆఫీసరు ముందు ఏడ్చాడు. ఆఫీసరు కూడా చలించిపోయి సెలవిచ్చాడు. తీరా నేను ఇంటికి పోతే మా అమ్మ గొంతెత్తి బర్రెను తిడుతోంది. నన్ను చూసి ఆ తిట్లు నా మీదికి మళ్లించింది. మళ్లీ పోతే బాయిల దుంకుతానంది. సెలవు అయిపోయింది, నేను పోలేదు. కొన్నాళ్లకు మామ ఒమాన్ వీసా పంపాడు. నన్ను తీసుకొచ్చింది మామేనన్న సంగతి క్యాంపులో మా ఇద్దరికే తెలుసు.

అలాంటి మామ, మెస్ ఎన్నికలకు రెండు వారాల ముందు, ఒక శుక్రవారం, పేపరు మడిచి పక్కన పెట్టి, అందరి ముందూ నావైపు తిరిగాడు. "ఏం అల్లుడా, అమెరికాల అడుగుతున్నరు, మనం గూడ అడగాలె. మిలిటరీల నుంచి ఎందుకొచ్చినవ్?"

నువ్వే కదా తీసుకొచ్చింది అందామంటే, ఆఫీసరుకే అబద్ధం చెప్పినవాడని రేపు మామ వార్తలెవరు నమ్ముతారు? క్యాంపులో ఆయనకున్న విలువ అదొక్కటే. నేను తల వంచుకున్నాను. జనం నవ్వారు.

మీసాలన్న వంతు వచ్చింది. ఆయన బంగ్లాదేశ్ యుద్ధంలో ట్యాంకు తోలానని చెప్పుకునేవాడు. వయసు లెక్కేస్తే ఆ యుద్ధంనాటికి ఆయన నిక్కర్లో బడికి పోతూ ఉండాలి. మామ మాత్రం ఆయన్ని అడిగిందల్లా, "అన్నా, ట్యాంకుల బాగ ఉడ్కపోస్తదా?" అని.

"ఏం జెప్పాలె మామా, కొలిమే!" అని మీసాలన్న మీసం దువ్వాడు. చప్పట్లు.

డ్రైవర్ భాయ్ మాత్రం ఊరుకోలేదు. "మామూ, సబ్ సవాలాఁ ఛోక్రే కోఇచ్ కైకు? మూఛాఁ వాలే కో భీ పూఛో నా!" అన్నాడు. అన్ని ప్రశ్నలూ కుర్రాడికేనా, మీసాలాయన్ని కూడా అడగమని. మామ విననట్టే పేపరు విప్పాడు. తర్వాతి శుక్రవారమూ అంతే. నాకు అదే ప్రశ్న, ఆయనకు ట్యాంకు కుశలం.

బ్యాలెట్ కాగితాలు లేవు గనక ఆయనకు ఆలుగడ్డ గుర్తు, నాకు ఉల్లిగడ్డ గుర్తు ఇచ్చారు. ఒక్కొక్కరే వంటగదిలోకి పోయి గోనెసంచిలో తమ ఓటు వేసి వచ్చారు. లెక్క అయ్యాక వంటాయన ఓట్లన్నీ కలిపి కూర వండేశాడు. నావి తాలింపుకు సరిపోయాయి.

ఆ రోజు నుంచి మామతో మాటలు మానేశాను. ఒకే రూమ్, ఒకే రెండంతస్తుల మంచం, కింద ఆయన, పైన నేను. "భాయ్, చాయ్ చల్లారుతోందని ఆయనకు చెప్పు" అని నేనంటే, "భాయ్, తాగుతున్ననని ఆయనకు చెప్పు" అని కింది నుంచి ఆయన. మధ్యలో డ్రైవర్ భాయ్‌కి పిచ్చెక్కేది. శుక్రవారం వార్తలకు నేను పోలేదు. పోకపోయినా కిటికీలోంచి వింటూనే ఉన్నాను, అది వేరే సంగతి. నేను లేకపోతే ఆయన గొంతులో ఊపు తగ్గేది. అది తెలిసి కూడా దిగిరాలేదు, ఎంత మొండివాణ్నో!

అలా ఉండగానే మామ వీసా క్యాన్సల్ చేసుకుని ఇంటికి బయలుదేరాడు. నేనూ డ్రైవర్ భాయ్ కలిసి ఎయిర్‌పోర్టులో దించాం. తాళ్లు కట్టిన పెట్టె నేను మోస్తుంటే, భాయ్ ఉండబట్టలేక అడిగేశాడు, ఆ మీసాలాయన్ని ఎందుకు అడగలేదని.

"అబద్ధపోన్ని అడిగితే ఇంకో అబద్ధం జెప్తడు, ఏం ఫాయిదా? నిజం ఉన్నోన్ని అడిగితెనే నిజం వస్తది" అన్నాడు మామ. తర్వాత, అన్నాళ్లకు మొదటిసారి, సూటిగా నాతో మాట్లాడాడు. "నిన్ను ఆడికెళ్లి గుంజుకొచ్చి తప్పు జేసిన అల్లుడా. నిన్ను పారిపోయినోడు అంటుంటే ఇనుడు నాతోని గాలే. నేనే తెచ్చిన అని పదిమందిల చెప్పనీకె నాకు ధైర్యం లేదు. అడగంగ అడగంగ నువ్వన్న చెప్తవనుకున్న. ఇప్పుడన్న చెప్పు, నిన్ను తీసుకొచ్చింది ఎవరు?"

నువ్వే మామా, తీసుకొచ్చి మంచిపనే చేశావు అనాలి. కానీ ఆ వయసు పొగరు అడ్డం పడింది.

"నో కామెంట్" అన్నాను.

మామ పెద్దగా నవ్వి, తుండుగుడ్డతో కళ్లు తుడుచుకున్నాడు. ఆఫీసరు ముందు తుడుచుకున్నట్టే, కాకపోతే ఈసారి నిజంగా. పెట్టె తీసుకుని లోపలికి పోయాడు. నేను సెలవు మీద ఊరికి చేరేసరికి మామ ఈ లోకంలోనే లేడు.

ఇప్పుడు ఎన్నికలొస్తే టీవీ ముందు కూర్చుంటాను. ఒక నాయకుణ్ని గుచ్చిగుచ్చి అడిగి, ఇంకొకాయన్ని ట్యాంకులో ఉక్కపోస్తుందా అన్నట్టు అడిగితే ముందు ఒళ్లు మండుతుంది. ఆ అడిగేవాడు ఎవరి మామో అనుకుని తర్వాత నాలో నేనే నవ్వుకుంటాను. ఒక్కోసారి మా ఇంటావిడ వంటింట్లోంచి అడుగుతుంది, టీవీతో ఏం మాట్లాడుతున్నావని.

"మా మామే తీసుకొచ్చిండని చెప్తున్న" అంటాను.