నంబర్ల దొడ్లు

నా మనుమరాలు కోస్గిలో మా ఇంటి ముందుగదిలో కూర్చొని పట్నం కంపెనీ పని చేసేది. పని నచ్చితే పర్మినెంట్ చేస్తామని, నచ్చకపోతే లేదని ముందే చెప్పి పెట్టుకున్నారు. నేను చదివింది మూడో తరగతి. అయినా ఆ పనేమిటో అడిగి తెలుసుకున్నాను.

"కంపెనీకి సొంత క్లౌడ్ కడుతున్నరవ్వా. పెద్ద మిషన్ల లోపల చిన్న మిషన్లు చానా ఉంటయి. లెక్కలోల్లయి ఒక గుంపు, సరుకులోల్లయి ఒక గుంపు. ఒక గుంపు ఇంకో గుంపుల కలువొద్దు. ఏ గుంపుకు ఎన్ని నంబర్లియ్యాల్నో నేను రాస్తున్న."

"నంబర్లెందుకే?"

"నంబర్ లేకుంటే మిషన్ ఉన్నా లేనట్టే. దాన్ని ఎవ్వలు పిలువలేరు."

మాది గొర్రెల కాపరుల ఇల్లు. ఎండాకాలం రైతులు ఎరువు కోసం చేన్లో మందలు పెట్టించుకుంటారు. ఒకే చేన్లో ఇద్దరు ముగ్గురి మందలుంటాయి. ఎవరి దొడ్డి వారిదే, చుట్టూ ముండ్ల కంప. గొర్రెలు ఈనితే మంద పెరుగుతుంది కాబట్టి దొడ్డికీ దొడ్డికీ నడుమ జాగా వదిలి కంప వేస్తాం. వదలకపోతే పక్కవాళ్ల కంప పీకాల్సి వస్తుంది. మందలు కలిసిపోతాయి, విడదీసేటప్పుడు కర్రలు లేస్తాయి.

మనుమరాలు కూడా గుంపుకూ గుంపుకూ నడుమ కొన్ని నంబర్లు వదిలింది.

"నీ మిషన్లు గూడ ఈనుతయానే?" అన్నాను.

"ఈనుతయవ్వా, ఏడాదికి రెండు ఈతలు," అని నవ్వింది.

వాళ్ల సారు ఫోన్ చేశాడు. మాటలు నాకు వినబడుతూనే ఉన్నాయి. "ఇన్ని నంబర్లు ఖాళీగా వదిలేస్తే ఎలాగమ్మా? దగ్గరికి సర్దు. మిగిలినవి నాకు వేరే పనికి కావాలి."

"సార్, రేపు మిషన్లు పెరిగితే..."

"పెరిగినప్పుడు చూద్దాం."

"సరే సార్."

"సరే అని ఎందుకన్నవే?" అన్నాను.

"కాదంటే పర్మినెంట్ చెయ్యడవ్వా."

నేను పిసినారినని మా వీధంతా అంటుంది. అననీ. కానీ ఈతకు వచ్చిన మంద పక్కన కంప దగ్గరికి జరిపి, జాగా మిగిలిందనుకునేవాణ్ని నేను పొదుపరి అనను.

కొన్ని నెలలకు సరుకువాళ్ల మిషన్లు పెరిగాయి. కొత్తవాటికి నంబర్లు లేవు. పక్కనున్నవి లెక్కలవాళ్లవి. వాటన్నిటికీ నంబర్లు మార్చాల్సి వచ్చి, ఒక పూటంతా కంపెనీలో బిల్లులు ఆగిపోయాయి. ఆ సాయంత్రమే లాప్‌టాప్‌లో మీటింగ్ పెట్టారు. నేను చాయ్ పట్టుకొని గుమ్మంలో నిలబడ్డాను.

"ఈ ప్లాన్ ఎవరు చేశారు?" ఆ సారే అడిగాడు.

"నేనే సార్."

"కాస్త ముందుచూపు ఉండాలమ్మా."

"సరే సార్," అంది మనుమరాలు. చాయ్ చల్లారిపోయింది. పారబోయబుద్ధి కాక నేనే తాగాను.

నెల తిరక్కముందే పని చాలన్నారు.

"గా సారు చెప్తేనే చేసిన అని ఎందుకనలేదే?"

"అంటే ఎవలు నమ్ముతరవ్వా? ఇంకో కంపెనీకి పోతే, వాళ్లు ఫోన్ చేసి అడిగేది గీ సార్నే."

కంపెనీ లాప్‌టాప్ తిరిగి పంపాలి, అట్టడబ్బా ఉందా అని అడిగింది. ఇచ్చాను. లోపల పాత చీర పేలికలు కుక్కి, సుతిలి తాడు నేనే బిగించి కట్టాను. దారిలో పగిలితే ఆ మాట కూడా నా మనుమరాలి మీదికే వస్తుంది.