నల్ల కంబళి మీద ఎర్ర చిలక

నన్నెరిగినవాళ్లు నన్ను నెమ్మదస్తురాలంటారు. ఒక మనిషి మీద ఏడాది పాటు పగ పట్టి తీర్చుకున్నానంటే మా ఇంట్లో ఇప్పటికీ నమ్మరు.

పంతొమ్మిది వందల యాభైల చివర్లో గుంతకల్లులో దిక్కులేని ఆడపిల్లల ఆశ్రమంలో కుట్టుపని నేర్పేదాన్ని. పన్నెండు మంది పిల్లలు, ఎక్కువమంది కరువులో అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లు. క్రిస్మస్ సెలవులివ్వగానే మేనేజరు వాళ్లను బయటికి పంపి గేటుకు తాళం వేశాడు. "పది దినాలు మీ మీ ఊర్లకు పోయి రాండి" అన్నాడు. ఊళ్లో ఎవరన్నా ఉంటే వాళ్లు ఆశ్రమానికెందుకొస్తారు? ఆ మాట నాకప్పుడు తట్టలేదు. నా కుట్టుగదికి తాళం వేసుకుని పామిడిలో మా అమ్మ దగ్గరికి వెళ్లిపోయాను.

తిరిగొచ్చేసరికి అందరికన్నా పెద్దపిల్ల ఆస్పత్రిలో ఉంది. పదిహేనేళ్లది, ఉరవకొండ వైపు నుంచి వచ్చింది. అన్ని రోజులూ పిల్లలంతా రైల్వే స్టేషన్లో బండల మీద పడుకున్నారట. చలికి దానికి ఊపిరితిత్తుల్లో జబ్బు చేసింది.

"నాకొక మాట చెప్పకపోతివే" అన్నాను.

"మీరూ తాళమేసుకొని పోయినారు కద టీచరమ్మా" అంది, నిష్ఠూరం లేకుండానే.

ఆ మాటకు నాకు నా మీద రావలసిన కోపం కూడా మేనేజరు మీదికే మళ్లింది. పిల్ల బతికింది గానీ నాలుగడుగులు నడిస్తే ఆయాసపడేది. అది చూసినప్పుడల్లా నా పగ ఇంకాస్త గట్టిపడేది.

ఎండాకాలంలో ఒక వ్యాపారి పిల్లలకని నల్ల కంబళ్లు ఇచ్చాడు. ఎవరిది వాళ్లు గుర్తుపట్టాలని మూలన ఎర్ర దారంతో ఒక్కొక్క బొమ్మ కుట్టించాను. పెద్దపిల్ల చిలకను కుట్టింది. "సలి రానీ, ఇస్తా" అని మేనేజరు వాటిని గదిలో పెట్టించాడు. చలి వచ్చింది, కంబళ్లు రాలేదు. నవంబరులో ఏదో పని మీద అతని ఇంటికి వెళితే నన్ను మంచం మీద కూర్చోబెట్టారు. నా చేతి కింద చిలక. కాఫీ తాగి, బాగుందని చెప్పి వచ్చేశాను. అప్పుడే అడిగితే రెండు అబద్ధాలు చెప్పి తప్పించుకుంటాడు. నలుగురి ముందూ పట్టుకోవాలి. కాచుకున్న ఆ రోజులు నాకు పండగలా గడిచాయి.

మళ్లీ క్రిస్మస్ వచ్చింది. సెలవుల మొదటి రోజు ఉదయం ఆశ్రమం ప్రెసిడెంటు, ఆయన భార్య మిఠాయిలు పంచడానికి అనంతపురం నుంచి వచ్చారు. పంపకం అయ్యాక ఆమెతో అన్నాను: "అమ్మా, పిల్లోళ్ల కంబళ్లు మేనేజరు సారోళ్ల ఇంట్లో ఉండాయి. తెచ్చుకుందాం, మీరూ రాండి."

మేనేజరు ఇల్లు పక్క వీధే. అందరం నడిచాం. పెద్దపిల్ల మంచం మీది కంబళి ఎత్తి మూల చూపించింది.

"ఈ చిలక నేను కుట్టినా. ఇది నాది."

మేనేజరు భార్యకు ఆ కంబళ్లు ఎవరివో తెలియదు. ఒక్కొక్కటే మడిచి పిల్లల చేతికిచ్చింది. ఆమె ముఖం చూస్తే బాధేసింది. అతని ముఖం చూస్తే వేయలేదు. అంతటితో ఆగొచ్చు, నేను ఆగలేదు.

"పోయిన సమచ్చరం ఈ పాప స్టేషన్లో బండల మీద పండుకున్యాది. మీరూ ఒక దినం పండుకోండి సార్, సలి ఎట్లుంటాదో తెలుస్తాది."

ప్రెసిడెంటు ఆ రోజే మేనేజరు దగ్గర గేటు తాళంచెవి తీసుకుని నాకిచ్చాడు. సెలవులన్నాళ్లూ పిల్లలతోనే ఉండి సంగటి వండిపెట్టాను. నెల తిరక్కుండా మేనేజరును తీసేశారు. కొత్తగా వచ్చినాయన నాకు నోరెక్కువని జూన్‌లో నన్నూ మాన్పించాడు. దానికి నేనేమీ బాధపడలేదు.

కొన్నేళ్లకు అనంతపురం బజారులో పాత మేనేజరు ఎదురై "బాగుండావామ్మా" అన్నాడు. బాగా చిక్కిపోయాడు. జవాబివ్వకుండా వచ్చేశాను. అప్పటికి ఆస్పత్రిలో ఆయాగా చేస్తున్న పెద్దపిల్లకు ఆ సంగతి చెప్పాను.

"ఇంక ఇడిసిపెట్టండి టీచరమ్మా" అంది, మెట్ల మీద ఆగి ఊపిరి పీల్చుకుంటూ.

నేను విడిచిపెట్టలేదు.