తాడు తప్పిన కుదుళ్లు

యావత్ వరిజాతికీ, వ్యవసాయశాస్త్రానికీ, దయతలచి నాకు డిగ్రీ ఇచ్చిన కాలేజీకీ ముందుగా సాష్టాంగపడి క్షమాపణ చెప్పుకుంటున్నాను. మొన్న శనివారం పొద్దున మా మేనత్త పోయింది. నర్మెట్ట చుట్టుపక్కల కలుపు తీయడంలో ఆమెను మించినవాళ్లను నేను చూడలేదు. అట్లాంటి మనిషి పొలంలో, అగ్రికల్చర్ బీఎస్సీ చదివిన నేను కలుపనుకొని వరిని పీకానని ఊరంతటికీ తెలుసు. పరామర్శకు వచ్చినవాళ్లు కూడా మరిచిపోకుండా గుర్తు చేసిపోయారు.

అత్తమ్మకు కలుపంటే కోపం లేదు, ఓపిక ఉండేది. పొలం తడిపి, నాటు వేయకుండా రెండు వారాలు ఆగేది. గడ్డి పచ్చగా లేచాక దమ్ము చేయించి బురదలో కలిపేసేది. "మొలవనియ్యి, నవ్వనియ్యి, అప్పుడు తొక్కు" అనేది. నాటు పడ్డాక మడి ఆరనిచ్చేది కాదు. "సగం కలుపు నీళ్లే ఆపుతయిరా. అన్నం గూడ అడగయి."

తాడు పట్టి వరుసల్లో నాటుదామని మూడేళ్ల కింద నేనంటే, నడుము మీద చేతులు పెట్టుకొని నవ్వింది. "గిది పొలమారా, గీతల నోటుబుక్కా?" తీరా వరుసల మధ్య కలుపు తీసే చక్రం సాఫీగా పోవడం చూసి, మరుసటి ఏడు తాడు తానే పట్టుకుంది. బెత్తెడు వంకర పోయినా పీకి మళ్లీ నాటించేది.

కానీ కుదురులోనే దాక్కునే ఊద గడ్డికి చక్రం అందదు. లేతగా ఉన్నప్పుడు అది అచ్చం వరే. "మెడకాడ పట్టి సూడు అల్లుడా. వరికి మీసముంటది, ఊదకు ఉండది" అంటూ, ఆకు కాడను అంటిన చోట సన్నని నూగు చూపించేది. దగ్గరి చూపు ఎప్పుడో మందగించినా, వేళ్లతో ఆ మీసాన్ని పట్టేసేది.

ఈ వానకాలం ఆమె వెనకే కలుపు మోస్తున్నాను. ఆమె పీకిన కట్టలో మీసాలు కనిపించాయి. షుగరు ఆమె వేళ్ల స్పర్శను తినేసింది. ఆ సంగతి ఆమెకు తెలియదు. తెలిసిన రోజు ఆమె గట్టెక్కి కూర్చుంటుంది, మళ్లీ మడిలో దిగదు.

ఇంతలో పక్క సాలులో కలుపు తీస్తున్న ఒక అక్క నా చేతిలోని వరిని చూసింది.

"ఏంది సారూ, గింత సదివి వరే పీకుతున్నవా?"

"గందుకే గదా అక్కా, రెండుసార్లు తప్పి పాసయింది!"

అందరూ నవ్వారు. అందరికంటే ఎక్కువ అత్తమ్మే నవ్వింది. "మీసం సూడురా అంటే అద్దంల సూసుకుంటడు వీడు!"

పోవడానికి పది రోజుల ముందు గట్టు మీద కూర్చొని మడిని చూసింది. దూరపు చూపు మాత్రం బాగానే ఉండేది.

"గవి తాడు తప్పినయి. ఎవలు నాటిన్రు?"

"నేనే అత్తమ్మా."

చాలాసేపు తన వేళ్లను చూసుకుంది. "వంకరైతె వంకరాయె. వేరు పట్టింది తీ."

ఆమె లేదు కాబట్టి ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. నేను వరి పీకలేదు. ఆమె వదిలిన ఊదను పీకుతూ, ఆమె పీకిన వరిని ఆమె వెనకే బురదలో గుచ్చుకుంటూ పోయాను. ఆ కుదుళ్లకు ఇప్పుడు గింజ పట్టింది. వరుసకు బెత్తెడు పక్కగా, కంకులు వంచి నిలబడి ఉన్నాయి.