గేదెపట్టు

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా మనవరాలు, తన స్నేహితులు ముగ్గురూ కలిసి మా భోజనాల బల్ల మీద ఆట పరిచారు. గళ్ళూ పావులూ ఉన్న ఆట కాదు. ఒకరు కథ చెబుతూ పోతే మిగిలినవాళ్ళు ఆ కథలో తలా ఒక మనిషై, ఇప్పుడు నేనిలా చేస్తాను అంటుంటారు, అది కుదిరిందో బెడిసిందో పాచికలు తేలుస్తాయి. ఈసారి వాళ్ళ మనుషులంతా కుస్తీ, కరాటేలాంటి విద్యలు నేర్చిన యోధులట, కొట్లాటకు దిగేముందు ఒక్కొక్కరు ఒక్కో జంతువు భంగిమ ఎంచుకోవాలట. పులి, కొంగ, పాము, కోతి, మిడత అని చదువుకుంటూ పోయి, నువ్వైతే ఏది తీసుకుంటవ్ అమ్మమ్మా అని నన్నడిగింది. పళ్ళేలు సర్దుతున్న నేను తల ఎత్తకుండానే గేదె అన్నాను. పిల్లలు పగలబడి నవ్వారు. గేదె లేదట. సోఫాలో కూర్చున్న మా పెద్దబావ మాత్రం నవ్వలేదు, కిటికీ వైపు ముఖం తిప్పుకున్నాడు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ ముఖం అలా తిరగడం చూస్తే నాకు ప్రాణం లేచొస్తుంది, దాచుకోవడం ఎందుకు.

నా ఈడువాళ్ళకు శాలిబండలో ఒకప్పుడు ఇంటిముందు గేదెలు కట్టేసి ఉండేవంటే కొత్తగా చెప్పనక్కర్లేదు. మాది పాడి ఇల్లు. తెల్లారకముందే బాపు పాలు పితికేవాడు, అమ్మ కొలిచి పోసేది, వడగట్టడం నా వంతు. ఇంటర్ చదివే రోజుల్లో మా గల్లీ చివర ఎవరో కరాటే నేర్పడం మొదలుపెట్టారు. ఆడపిల్లలకు విడిగా, పొద్దున పూట. బాపును ఎలా ఒప్పించానో నాకే తెలియదు, బహుశా నా లొల్లి పడలేక ఒప్పుకున్నాడేమో. పక్కింటి దర్జీ భాయ్, అంటే మా అన్న దోస్తు, తెల్లటి గుడ్డతో నాకు డ్రెస్సు కుట్టిపెట్టాడు. ఆ బట్టలు వేసుకుని ఒంటికాలి మీద నిలబడి రెండు చేతులూ రెక్కల్లా చాచే కొంగ భంగిమ నేర్చుకున్నప్పుడు నా అంత గొప్పది చార్మినార్ చుట్టుపక్కల ఇంకెవరూ లేరనిపించింది. ఇంటికొచ్చి గేదెల మధ్య కూడా అలాగే నిలబడేదాన్ని. గేదెలు నెమరేస్తూ చూసేవి, అడ్డం చెప్పేవి కావు.

అడ్డం చెప్పింది ఆ పెద్దబావే, మా అక్క మొగుడు. ఆయన నయాపూల్ కోర్టు దగ్గర ఒక వకీలు గారి గుమస్తా. ఇంటికి పెద్దల్లుడు, పైగా ఇంగ్లీషు చదివినవాడు, ఆయన మాటంటే బాపుకు వేదం. ఒకరోజు పొద్దున్నే వచ్చి పెరట్లో ఒంటికాలి మీదున్న నన్ను చూశాడు. నాతో ఒక్క ముక్క అనలేదు. లోపలికెళ్ళి చాయ్ తాగుతూ బాపుతో అన్నాడు. "ఆడపిల్లకు ఇదేం పని మామా, రేపు కాలో చెయ్యో ఇరిగితే ఎవడు చేసుకుంటడు?" అంతే, నా కరాటే ఆ చాయ్ గ్లాసుతోపాటే ఖాళీ అయింది. మా అమ్మ ఏ వస్తువునూ వృథా పోనివ్వదు కదా, ఆ తెల్లటి డ్రెస్సును ముక్కలు చేసి పాలు వడగట్టే బట్టలు చేసింది. ఇక ప్రతి పొద్దున్నా నా చొక్కా చేతిలోంచే నేను పాలు వడగట్టాను. మనిషికి పగ ఎలా తోడుకుంటుందో తెలుసుకోవాలంటే అలాంటి పని ఒకటి చేసి చూడాలి.

ఆ ఏడాదే మా అన్నకు కంచన్‌బాగ్‌లో ఒక లోహాల ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. సెలవున్న ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు ఏరడం వాడి సరదా. అలా ఒకరోజు అట్ట ఊడిపోయిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి తెచ్చాడు, అదే ఈ ఆట పుస్తకం. మొదటి పేజీలు లేవు, మధ్యలో కొన్ని ఎలుకలు తిన్నాయి. అందులో అడిగిన పలకల పలకల పాచికలు మాకెక్కడ దొరుకుతాయి, గవ్వలు వేసుకునేవాళ్ళం. చిరిగిన చోట రూల్సు మేమే కల్పించుకునేవాళ్ళం. మేము అంటే అన్న, దర్జీ భాయ్, బావ, నాలుగో మనిషి లేక ఒప్పుకున్న నేను. ఇంగ్లీషు వచ్చింది బావకు, రూలు అంటే పడిచచ్చేదీ బావే, కాబట్టి కథ చెప్పే పీట ఆయనకే దక్కింది. చెప్పడం మాత్రం బాగా చెప్పేవాడు, ఆ మాట ఒప్పుకోకపోతే నా నోరు పడిపోతుంది.

పుస్తకంలోని జంతువుల భంగిమలను మేము పట్లు అనేవాళ్ళం. ఒక్కో పట్టుకు ఒక గుణం, ఒక లోటు. పులిపట్టు దూకి రెండు దెబ్బలు కొడుతుంది కాని దూకాక వీపు ఇచ్చేస్తుంది, పాముపట్టు మెత్తటి చోటు చూసి కొడుతుంది కాని దెబ్బ తగిలితే నిలవదు, ఇలా. దర్జీ భాయ్ పాము తీసుకున్నాడు. అన్న కోతి. నేను కొంగ అన్నాను. బావ నవ్వాడు. "పాలోళ్ళ పిల్లకు కొంగెందుకే? నీకు గేదెపట్టు ఇస్త తీస్కో." పుస్తకంలో గేదె లేనే లేదు. అప్పటికప్పుడు ఆయనే కల్పించి, దస్తావేజు రాసినట్టు షరతులు చెప్పాడు. గేదెపట్టు పట్టిన మనిషి ముందుగా కొట్టకూడదు, ఎగరకూడదు, ఉరకకూడదు, ఉన్నచోటే నిలబడాలి. వాళ్ళ నాయనా గేదెలు కాసినవాడే, ఈయన కూడా ఆ పేడ తొక్కి పెరిగినవాడే. సబ్బు పెట్టి ఎంత రుద్దుకున్నా పోనిదేదో ఉన్నట్టు, దాన్ని నా మీద పూసి నవ్వాడు.

నాకు ఏడుపొచ్చింది కాని ఏడవలేదు. సరే బావా, కాని గేదె అన్నాక దాని గుణం ఒకటైనా ఉండాలి కదా, ఎగచేపడం ఇయ్యి చాలు అన్నాను. పాడి ఎరిగినవాళ్ళకు ఇది తెలుసు, ఎరగనివాళ్ళకు చెబుతాను. కొత్త చెయ్యి పడితే కొన్ని గేదెలు తన్నవు, కదలవు, నోరెత్తవు, మర్యాదగా నిలబడతాయి. ఎంత పితికినా చుక్క రాలదు. పాలన్నీ పైకి పట్టేసుకుంటాయి. అదే ఎగచేపడమంటే. మళ్ళీ తన మనిషో తన దూడో వచ్చినప్పుడు పట్టినదంతా ఒక్కసారి దిగుతుంది. అలాగే నేను తిన్న దెబ్బకు తిరిగి కొట్టను, ఒక్కో దెబ్బకు ఒక్కో చింతగింజ పాలు కొలిచే గిన్నెలో వేస్తాను, నాకు బుద్ధి పుట్టినప్పుడు అన్నీ కలిపి ఒకేసారి కొడతాను, అది ఒక్కసారే అని అడిగాను. అంతకాలం బతికుంటే కదా అనుకున్నాడేమో, ఎగచేపుకున్నన్ని ఎగచేపుకో పొమ్మన్నాడు.

ఆదివారం తర్వాత ఆదివారం, డాబా మీద చాప పరుచుకుని ఆడాం. బావ కథలో ఒక పులి గురువు ఉండేవాడు. కొండ దారికి అడ్డంగా కూర్చుని ఎవరినీ పోనివ్వడు. ఆ గురువంటే బావకు తన కన్నకొడుకంత మురిపెం. కథలో దొంగలొచ్చినా, దయ్యాలొచ్చినా, ఎద్దులబండి తిరగబడినా ముందు దెబ్బ నాకే తగిలేలా చూసేవాడు. ఆడపిల్లకు కోపం ఆగదు, గింజలన్నీ ఏ దొంగ మీదో విసిరేస్తుంది, అప్పుడు వట్టి గేదె మిగులుతుందని ఆయన ఎత్తు. నేను దున్నపోతు మీద వాన పడ్డట్టు ఊరుకున్నాను. గింజ వేస్తే గిన్నెలో టక్కుమనేది. ఒక్కో గింజ వేస్తూ పొద్దున వడగట్టిన బట్టను తలుచుకునేదాన్ని.

చివరికి పులి గురువు దగ్గరకు చేరాం. పాము పడిపోయింది, కోతి పడిపోయింది, గేదె ఒక్కటే మిగిలింది. గెలుపు తనదేనన్న హుషారులో బావ నోరు జారాడు. మా గురువును పడగొట్టినవనుకో, నేనే మామకు చెప్పి నిన్ను మళ్ళా కరాటేకు పంపిస్త అన్నాడు. దర్జీ భాయ్ వెంటనే ఆ మాట పట్టుకుని, జబాన్ ఇచ్చినవ్ భాయ్, మేము గవాయి అన్నాడు. అన్న కూడా సాక్షి. నాకు కావలసినది చింతగింజల రూపంలో ఆ గిన్నెలో ఉంది.

గిన్నె ఎత్తి చాప మీద బోర్లించాను. గింజలు చాప దాటి డాబా అంతా దొర్లాయి. బావ ముఖం పాలిపోయింది. ఒక్కసారికి పది కన్నా ఎక్కువ చెల్లవని అప్పటికప్పుడు కొత్త షరతు ఒకటి తీశాడు. అన్న, "గట్లెట్లయితది బావా, ఎగచేపుకున్నన్ని ఎగచేపుకో పొమ్మన్నది నువ్వే కద" అన్నాడు. దర్జీ భాయ్ గింజలు ఏరుతూ ఇన్సాఫ్ ఇన్సాఫ్, న్యాయం న్యాయం అని పాటలాగా అందుకున్నాడు. తప్పక పులి గురువు పడ్డాడు. ఎలా పడ్డాడో బావ నోటితోనే చెప్పించాం, వెల్లకిలా, నోట్లో దుమ్ముతో సహా. ఆ ఐదు నిమిషాలు నేను చచ్చేదాకా మరవను.

కిందికి దిగాం. బాపు అరుగు మీదే ఉన్నాడు. బావ చేతులు కడుక్కున్నాడు, భోంచేశాడు, ఒక్క పిసరు కూడా ఆ ఊసెత్తలేదు. చెప్పులు వేసుకుంటుంటే గుమ్మంలో అడ్డం నిలబడి అడిగాను. నా నెత్తి మీద చెయ్యి పెట్టి నవ్వుతూ, "ఆట ముచ్చట ఆటల్నే ఉండాలె పిల్లా" అని వెళ్ళిపోయాడు. నేనే బాపుకు చెప్పాను. అల్లుడు చెప్పనిది తను వినలేదన్నట్టు బాపు గేదెలకు గడ్డి వేయడానికి లేచాడు. గల్లీ చివర క్లాసు కూడా ఎన్నాళ్ళో నడవలేదు. ఆ తర్వాత నేను మళ్ళీ ఒంటికాలి మీద నిలబడలేదు.

అప్పుడు నాకు రెండో గిన్నె దొరికింది. పాడి ఇళ్ళలో ఒక ఆనవాయితీ ఉంది. పెరుగు కుండ తెరవగానే పైన వేలి మందాన ఉండే మీగడ ముందు అల్లుడి విస్తట్లో పడాలి. అదే ఆయనకు గౌరవం. అల్లుడికి నెయ్యి లేదు, అల్లుడితో వచ్చినవాళ్ళకు నూనె లేదు అన్న సామెత వినని ఆడపిల్లను కాను, మా ఇంట్లో నెయ్యికి లోటు లేదు కూడా. మరుసటి ఆదివారం వడ్డన నేనే తీసుకున్నాను. గరిటెతో మీగడను మెల్లగా ఒక పక్కకు నెట్టి, అడుగు పెరుగు తీసి బావకు వేశాను. మీగడ అన్నకు వేశాను, ఆ పూట మా ఇంట్లోనే తిన్న దర్జీ భాయ్‌కి వేశాను. బావ విస్తరి చూశాడు, నన్ను చూశాడు. ఏం అడుగుతాడు? మీగడ వెయ్యమని నోరు తెరిచి అడిగే అల్లుడు ఈ భూమ్మీద పుట్టలేదు. నేను గేదెలాగా మర్యాదగా నిలబడ్డాను.

అది ఒక్క పూటతో పోలేదు. నా పెళ్ళి రెండు గల్లీల అవతలే అయింది కాబట్టి ఆయన ఏ పండక్కి వచ్చినా పెరుగు దగ్గర నేనుండేదాన్ని. బారసాలల్లో, పెళ్ళిళ్ళలో, ఎంతమంది బంతిలో ఉన్నా పెరుగు బకెట్ ఎవరి చేతిలోంచైనా లాక్కుని ఆయన వరసలో నేనే నడిచాను. అమ్మ రెండు మూడుసార్లు పసిగట్టి తిట్టింది. అక్కకు మొదటి రోజే తెలిసిపోయింది. మొగుడి విస్తట్లోకి ఒకసారి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. బావ ఒక్కనాడూ అడగలేదు, నేను ఒక్కనాడూ వెయ్యలేదు. ఆయన తినే ప్రతి పెరుగు ముద్దలోనూ నేనున్నానని ఆయనకు తెలుసు. నాకంతే కావాలి.

ఇప్పుడు గేదెలు లేవు. బాపు పోయాక కొట్టం కూల్చి గదులు కట్టారు. మా మనవరాలు కరాటేకు వెళుతుంది, పంపాలా వద్దా అని ఎవరూ ఎవరినీ అడగలేదు. దాని తెల్లటి డ్రెస్సు డాబా మీద ఆరుతుంటే నేను అప్పుడప్పుడూ పైకెళ్ళి, ఆరినా కాసేపు అలాగే ఉంచి వస్తాను. మొన్న పిల్లలు ఆటలో అలిగి, అలిగినంత సేపట్లోనే కలిసిపోయారు. పగ పట్టే ఓపిక ఈ కాలానికి లేదు. మంచిదేనంటారు. అయ్యుండొచ్చు.

ఆ రోజు అందరికీ అన్నాలు పెట్టాను. అక్కకు మోకాళ్ళ నొప్పులు, బావ ఒక్కడే వచ్చాడు. ప్యాకెట్ పాల పెరుగు, మీగడ కట్టదు, ఏ మూల తోడినా ఒక్కటే తెలుపు. పిల్లలకు వేసినట్టే ఆయనకూ వేశాను. బావ ఆ పెరుగును వేలితో కలిపి, పిల్లల పళ్ళేలన్నీ ఒకసారి చూసి, చాలా ఏళ్ళ తర్వాత నా ముఖంలోకి సూటిగా చూస్తూ నవ్వాడు. "ఇప్పుడు అందరం ఒక్కతీరే కదనే మరదలా."

అంటే లెక్క తీరిపోయిందనుకున్నాడు. ఎవరో ఎక్కడో గేదెలు అమ్ముకున్నందుకు, పాలు ప్లాస్టిక్‌లోకి మారినందుకు ఆయన నా చేతిలోంచి ఊరికే తప్పించుకున్నాడు. మాట తప్పిన మనిషిని కాలం విడిచిపెడితే నేను విడిచిపెట్టాలా? ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. పగ తీర్చుకోవాలన్నా ఇంట్లో మీగడ ఉండాలి కదా.

పొద్దున్నే షేర్ ఆటో ఎక్కి, ఇంకా గేదెలున్న ఇల్లు ఎక్కడుందో అడుగుతూ పోయాను. దొరికింది. పెద్దావిడ ఒకామె, చేతులకు పేడ, నా అమ్మ గుర్తొచ్చింది. ఇప్పుడు రోజూ చిక్కటి పాలు తెచ్చి, మట్టి కుండలో తోడుపెడుతున్నాను. మీగడ వేలి మందాన కడుతోంది, మనవరాలు గరిటెతో ఎత్తుకు తింటోంది. వచ్చే పండక్కి బావ వస్తానన్నాడు. మంచి మీగడ చూసి, ఆయన కళ్ళముందే పక్కకు నెట్టాలి.