బా చేత తినిపించిన ట్రఫుల్

మా ఎదురింటి పెద్దావిడని మా మెట్లు ఎక్కి దిగే వాళ్ళందరూ బా అనే పిలుస్తారు. గుజరాతీలో అమ్మ అని అర్థం. నేనూ అలాగే పిలవడం మొదలుపెట్టాను.

మావారి బ్యాంకు ఉద్యోగం మూలంగా ఏలూరు నుంచి కలకత్తా వచ్చి, భవానీపూర్‌లో ఒక పాత ఇంటి రెండో అంతస్తులో దిగాం. మా అమ్మాయి అప్పటికే బెంగళూరులో ఉద్యోగంలో చేరింది. మావారు పొద్దున్నే మెట్రోకి పరుగెత్తితే మళ్ళీ దీపాలు పెట్టే వేళకే రావడం. నాకు వచ్చిన హిందీ అంతంత మాత్రం. బెంగాలీ అంటే కూరగాయల బండి దగ్గర నేర్చుకున్న నాలుగు ముక్కలు. మాట్లాడే మనిషి కోసం మొహం వాచిపోయి ఉన్న ఆ రోజుల్లో, ఒక మధ్యాహ్నం బా వచ్చి తలుపు తట్టింది.

"మీ బాల్కనీలో గాలి వస్తుందటగా. కాసేపు కూర్చోనా?" అంది.

బాకి ఎనభై దాటాయి. కొడుకు, మనవడు బడాబజార్‌లో బట్టల కొట్టు చూసుకుంటారు. కోడలు మధ్యాహ్నం పూట నడుం వాలుస్తుంది. అప్పటినుంచి బా రోజూ భోజనం అయ్యాక మా బాల్కనీలోకి వచ్చి కూర్చునేది. మా మాటలు సగం హిందీ, సగం బెంగాలీ, మిగతావి సైగలు. నన్ను బేటా అనేది. నీలాంటి కూతురు ఉంటే బాగుండేది అని ఒకసారి అంది కూడా.

కానీ మా ఇంట్లో పచ్చి మంచినీళ్ళు ముట్టేది కాదు. వాళ్ళు జైనులు. దుంపలు తినరు, ఉల్లి వెల్లుల్లి తినరు, చీకటి పడ్డాక ఏదీ నోట్లో వేసుకోరు. నీళ్ళు కాచుకునే తాగుతారు. మేము ఆదివారం చేపలు వండుకుంటామని బాకి తెలుసు. ఎదురెదురు తలుపులు, వాసన దాచినా దాగదు. ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. ముఖం చిట్లించలేదు. తన నీళ్ళు తను తెచ్చుకునేది, అంతే. పండు ఇస్తే కొంగున కట్టుకుని ఇంటికి తీసుకుపోయేది.

ఆవిడ పద్ధతి ఆవిడది అని ఊరుకోవాల్సింది. నేను ఊరుకోలేకపోయాను. మా అమ్మ ఇంటికొచ్చిన మనిషిని నోట్లో ఏదో ఒకటి పెట్టకుండా పంపేది కాదు. రోజూ వచ్చే మనిషి నా చేతిది తినకపోవడం నాకు లోపల్లోపల గుచ్చుకునేది. ఎలాగైనా ఈవిడ చేత ఒక్కసారి తినిపించాలి అన్న పట్టుదల ఎప్పుడు పుట్టిందో తెలియదు కానీ, పుట్టాక పెరుగుతూనే వచ్చింది.

అలాంటప్పుడు మా అమ్మాయి ఫోన్‌కి ఒక వీడియో పంపింది. తెల్ల చాక్లెట్‌తో ట్రఫుల్స్. ఓవెన్ అక్కర్లేదు. చాక్లెట్ కరిగించి, కండెన్స్‌డ్ మిల్క్, వెన్న, పండ్ల రుచి ఉన్న జెల్లీ పొడి కలిపి, ఫ్రిజ్‌లో గట్టిపడనిచ్చి ఉండలు చుట్టడమే. చూస్తే ఇంతేనా అనిపించింది. మొదటిసారి చేసినప్పుడు కింది గిన్నెలో మరుగుతున్న నీళ్ళ ఆవిరి చాక్లెట్‌లో పడి, మొత్తం ఉప్మా రవ్వలా ముద్దలు కట్టుకుపోయింది. రెండోసారి పొయ్యి ఆర్పేసి, వేడి నీళ్ళ మీద గిన్నె పెట్టి, తడి తగలకుండా మెల్లగా కలిపాను. పట్టులా కరిగింది. సున్నుండలు చుట్టిన చేతులే కదా, చుట్టడం కష్టం కాలేదు. అరచేతుల వేడికి జారిపోకుండా మధ్యమధ్యలో చేతులు చన్నీళ్ళలో ముంచి తుడుచుకోవాలి, అంతే. మామిడి రుచివి మావారు ఆఫీసుకి తీసుకెళ్తే డబ్బా ఖాళీగా తిరిగొచ్చింది.

అప్పుడే నాకు ఆలోచన వచ్చింది. ఇందులో గుడ్డు లేదు, వండటం లేదు. గిన్నె కూడా కొత్తది కొంటే బా వద్దనడానికి ఏం మిగులుతుంది?

న్యూ మార్కెట్‌కి వెళ్ళి కొత్త స్టీలు గిన్నె, కొత్త గరిటె, కొత్త పళ్ళెం కొన్నాను. పక్కనే విదేశీ సరుకులు అమ్మే కొట్లో స్ట్రాబెర్రీ జెల్లీ పొడి అట్టపెట్టె కనిపించింది. బొమ్మ మీద పండు ఎర్రగా నిగనిగలాడుతోంది. అదీ తీసుకున్నాను. ఫ్రిజ్‌లో ఒక అర మొత్తం ఖాళీ చేసి కడిగాను. తలస్నానం చేసి మరీ చేశాను. లేత గులాబీ రంగులో వచ్చాయి. పైన ఎండుకొబ్బరి పొడి అద్దాను.

మధ్యాహ్నం బా రాగానే పళ్ళెం ముందు పెట్టాను.

"గుడ్డు ఉందా?" అంది.

"లేదు బా."

"తేనె?"

"అదీ లేదు. గిన్నె కొత్తది, గరిటె కొత్తది. మీ కోసమే కొన్నాను."

"ఈ రంగు ఎక్కడిది?"

"స్ట్రాబెర్రీ పొడి, బా. పండే," అన్నాను.

ఆవిడ పళ్ళెం వైపు ముచ్చటగా చూసింది. "ఎంత అందంగా ఉన్నాయో. చూశాను కదా, చాలు బేటా," అంది.

అక్కడితో ఆగిపోవాల్సింది. ఆగలేదు. "కూతురు అంటారు. కూతురి చేతిది తినరా?" అన్నాను. గొంతులో కొంచెం ఏడుపు కూడా తెచ్చుకున్నానేమో.

బా చాలాసేపు వీధిలోకి చూస్తూ కూర్చుంది. తర్వాత చెయ్యి చాపి ఒకటి తీసుకుంది. పళ్ళు సరిగ్గా లేవు కాబట్టి నాలుక మీద పెట్టుకుని నోరు మూసుకుంది. కరుగుతున్నకొద్దీ ఆవిడ మొహం మారడం చూశాను. కళ్ళు మూసుకుంది. చిన్నపిల్లలా పెదాలు చప్పరించింది.

మర్నాడు వచ్చి కూర్చున్నాక, ఏవేవో కబుర్లు చెప్పి, చివరికి సిగ్గుపడుతూ, "ఇంకొకటి మిగిలిందా?" అని అడిగింది. ఇచ్చాను. ఆ సాయంత్రం మావారికి చెప్పాను, అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాను. జన్మలో బయటి తిండి ముట్టని మనిషి నా చేతిది అడిగి తింది అని. ఏదో గెలిచినట్టు ఉంది నాకు.

ఆ వారంలోనే మళ్ళీ చేద్దామని కూర్చున్నాను. మొదటిసారి వీడియోలో చెప్పిన కొలత ప్రకారం పొడి వేశాను. రంగు మరీ లేతగా వచ్చింది కాబట్టి ఈసారి పెట్టె మీద ఏం రాశారో చూద్దామని కళ్ళజోడు పెట్టుకున్నాను. ధర చీటీ ఒకటి అడ్డంగా అంటించి ఉంది. దాని అంచు పక్కన, సన్న అక్షరాల్లో, చక్కెర తర్వాత రెండో మాట: జెలటిన్.

జెలటిన్ అంటే ఏమిటో నాకు తెలుసు. జంతువుల ఎముకలూ, తోలూ ఉడికించి తీస్తారు. మేము చేపలు తినేవాళ్ళం, మాకు పట్టింపు లేదు. ఆ పెట్టె పట్టుకుని వంటింటి గట్టుకి ఆనుకుని అలాగే నిలబడిపోయాను. కొత్త గిన్నె ఎదురుగా ఉంది. స్ట్రాబెర్రీ పొడి, పండే అని నేను అన్న మాట నా చెవులతో నేనే మళ్ళీ విన్నట్టయింది.

మావారు వచ్చాక చెప్పాను. ఆయన చెప్పులు విప్పుతూ ఆగారు.

"బాతో అన్నావా?"

"ఇంకా లేదండీ."

"చెప్పకు. తెలియక పెట్టావు, తెలియక తింది. ఇప్పుడు చెప్తే ఆ వయసులో ఆవిడకి బాధ తప్ప ఏముంది?"

"దాచమంటారా?"

"దాచడం కాదు. ఆ బరువు నువ్వే మోసుకో అంటున్నాను," అన్నారు.

నేను మోయలేకపోయాను. మర్నాడు బా వచ్చి కుర్చీలో సర్దుకోగానే మొత్తం చెప్పేశాను. పెట్టె తెచ్చి చూపించాను. క్షమించమన్నాను, కాళ్ళ దగ్గర కూర్చున్నాను, ఏడ్చాను. ఏడుస్తుంటే గుండె తేలికవుతున్నట్టు కూడా అనిపించింది. అది ఇప్పుడు తల్చుకుంటే తల ఎత్తలేను.

బా కోప్పడలేదు. పెట్టె ముట్టుకోలేదు. "ఏ జంతువుది?" అంది.

"రాయలేదు బా."

ఆవిడ వేళ్ళు ఒళ్ళో జపమాల తిప్పుతున్నట్టు కదిలాయి, చేతిలో మాల లేదు. తర్వాత మెల్లగా అంది:

"తినమని బలవంతం చేశావు, నీ సంతోషం కోసం. ఇప్పుడు చెప్పావు, నీ మనశ్శాంతి కోసం. రెండుసార్లూ నా గురించి ఆలోచించలేదు బేటా."

లేచి, గోడ పట్టుకుని, తన ఇంటికి వెళ్ళిపోయింది. నేను సాయం పట్టడానికి లేవలేదు. ముట్టుకుంటే ఏమంటుందో అని భయం వేసింది.

ఆ తర్వాత రోజుల తరబడి బా రాలేదు. వాళ్ళ తలుపు వెనక దగ్గు వినిపించేది. నేను మెట్లు దిగేటప్పుడు చెప్పుల చప్పుడు కాకుండా దిగేదాన్ని. పాల ప్యాకెట్లకి కూడా వాళ్ళ తలుపు మూసి ఉన్నప్పుడే బయటికి వచ్చేదాన్ని. ఒకరోజు బజారు నుంచి వస్తుంటే కోడలు మెట్ల మీద ఎదురైంది.

"బా ఉపవాసాలు చేస్తున్నారు, కాచిన నీళ్ళ మీదే ఉంటున్నారు," అంది. "మా సన్యాసినమ్మ, సాధ్వీజీ దగ్గరికి వెళ్ళి ఏదో ప్రాయశ్చిత్తం తీసుకున్నారు. దేనికని అడిగితే చెప్పడం లేదు. డాక్టరు వద్దంటున్నా వినడం లేదు. మీతో చనువుగా ఉంటారు కదా, మీకేమైనా చెప్పారా?"

"లేదే. నాకేం తెలియదు," అన్నాను.

మాట నోట్లోంచి దానంతట అదే వచ్చేసింది. బా దగ్గర నిజం దాచలేనని అంత ఏడ్చిన దాన్ని, కోడలి దగ్గర రెప్ప వాల్చకుండా అబద్ధం చెప్పాను. ఇంట్లోకి వెళ్ళి సంచి కింద పెట్టాక అర్థమైంది. బా ఇంట్లో వాళ్ళకి కూడా నా పేరు చెప్పలేదు. పస్తులుండి కూడా నన్ను కాపాడుతోంది.

మావారితో ఈ సంగతి చెప్పినప్పుడు, నేను ముందే వద్దన్నానుగా అంటారనుకున్నాను. అనలేదు. తలుపు వైపు చూసి, టీ కప్పు కింద పెట్టేశారు.

వానలు ఇంకా పూర్తిగా వెనక్కి తగ్గకముందే వాళ్ళకి పర్యూషణ పండగ వచ్చింది. ఆ ఇంట్లో పిల్లా పెద్దా అందరూ ఉపవాసాలూ పూజలే. చివరి రోజు సాయంత్రం మా ఇంటి గంట మోగింది. తలుపు తీస్తే బా. వెనక కొడుకు, కోడలు, మనవడు. బా బాగా చిక్కిపోయింది. రెండు చేతులూ జోడించి తల వంచింది.

"మిచ్ఛామి దుక్కడం," అంది.

ఆ రోజు వాళ్ళు తెలిసిన ప్రతి ఒక్కరి దగ్గరికీ వెళ్ళి, ఏడాది పొడుగునా తెలిసో తెలియకో నొప్పించి ఉంటే మన్నించమని అడుగుతారు. అది వాళ్ళ ఆచారమని నాకు తెలుసు.

"మీరు నన్ను అడగడం ఏమిటి బా?" అన్నాను.

"అడగాలి. నీ మీద కోపం పెట్టుకున్నాను. ఆ రోజు నా మనసులో ఉన్న మాట కాకుండా, నీకు తగిలే మాట వెతికి అన్నాను. అది నా తప్పు."

కొడుకూ కోడలూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. గుమ్మంలోనే, వాళ్ళందరి ముందు, జరిగింది జరిగినట్టు చెప్పాను. పెట్టె సంగతి, బలవంతం సంగతి. మెట్ల మీద మీకు అబద్ధం చెప్పాను అని కోడలితో అన్నాను. ఈసారి ఏడవలేదు. ఏడవకూడదని గట్టిగా అనుకున్నాను.

కోడలి మొహం గట్టిపడింది. వెనక్కి తిరిగి లోపలికి వెళ్ళిపోయింది. కొడుకు ఇబ్బందిగా నమస్కారం పెట్టి మనవణ్ణి తీసుకుని వెళ్ళాడు. బా మాత్రం నిలబడింది.

"ఉపవాసం నువ్వు పెట్టినదానికని అనుకుంటున్నావా?" అంది తగ్గు గొంతుతో. "తెలియక తిన్నదానికి సాధ్వీజీ పెద్ద ప్రాయశ్చిత్తమేమీ వెయ్యలేదు. మర్నాడు మళ్ళీ వచ్చి అడిగాను చూడు, ఆవిడ దగ్గర నేను చెప్పుకున్నది అది, ఈ ఉపవాసాలు దానికి. ఇన్నేళ్ళు నాలుకని కట్టేసుకున్నాననుకున్నాను. మొదట తిన్న రాత్రంతా ఆ రుచి గురించే ఆలోచించాను. సిగ్గేసింది."

నేను గెలిచానని అమ్మాయికి ఫోన్ చేసి చెప్పుకున్నది సరిగ్గా ఆ మాటే. చేతులు జోడించాను. ఆవిడ అన్న మాటే తిరిగి అనడం వాళ్ళ పద్ధతి. నా నోట ఆ రెండు ముక్కలు సరిగ్గా పలకలేదు. బా దిద్ది, మళ్ళీ అనిపించింది.

ఇప్పుడు మధ్యాహ్నాలు నేనే వాళ్ళింటికి వెళుతున్నాను. కోడలు తలుపు తీస్తుంది, పక్కకి తప్పుకుంటుంది, పలకరించదు. నేను ఆశించను కూడా. బా నాకు పళ్ళెంలో ఖాఖ్రా పెడుతుంది, పల్చటి గోధుమ అప్పడం లాంటిది. మొదట్లో గొంతు దిగేది కాదు. వద్దంటే బాధపడుతుందేమోనని తినేదాన్ని. ఒకరోజు ఆవిడే పళ్ళెం వెనక్కి లాక్కుని, "ఆకలి లేకపోతే లేదని చెప్పు బేటా, నేనేమీ అనుకోను," అంది.

ఆకలి లేదని చెప్పాను. బా పళ్ళెం మీద మూత పెట్టి, మనవడి పెళ్ళి సంబంధాల గురించి మొదలుపెట్టింది.